పటాల తాళం

పటం గీయడం నాకు రాదు. చెరువుకీ కుంటకీ తేడా ఏమిటని అడిగితే నీళ్లు నములుతాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే: సాఫ్ట్‌వేర్ "ఉన్నావా?" అంటే "ఉన్నాను" అనడం. అదీ ఊరికే అంటే చెల్లదు. అది ఒక అంకె పంపుతుంది, నా పొట్టలోని చిప్ తనకు తెలిసిన రహస్యపు లెక్కతో దాన్ని మరో అంకెగా మార్చి తిరిగి పంపాలి. లెక్క కుదిరితే పటం తెరుచుకుంటుంది. పోనీ అప్పుడైనా నమ్ముతుందా అంటే అదీ లేదు, పని నడుస్తుండగానే మధ్యమధ్య మళ్లీ అడుగుతుంది. అనుమానపు మొగుడితో కాపురం నాది.

నా పేరు డాంగిల్. ఆఫీసులో మాత్రం "లాక్" అనేవారు. బొటనవేలంత యూఎస్‌బీ ముక్కని. ఊళ్ల పటాలను కంప్యూటర్‌కెక్కించే హైదరాబాదు కంపెనీ ఒకటి నన్ను కొన్నది. ఏ సాఫ్ట్‌వేర్‌కి కాపలా కాశానో చెప్పను, ఉప్పు తిన్నవాణ్ణి.

నాకు ముందు అక్కడ మా అన్న ఉండేవాడు. 25 సూదుల ఒళ్లు, సీపీయూ వెనక ప్రింటర్ పోర్టులో నివాసం. ప్రింటర్ వైరు తెచ్చి వాడి వీపుకే తగిలించేవారు. ప్రింటర్ ఆపేసి ఉంటే వాడి జవాబు ఒక్కోసారి సాఫ్ట్‌వేర్‌కి చేరేది కాదు. దాంతో పటం తెరవాలంటే ముందు ప్రింటర్ ఆన్ చేయాలన్నది ఆ ఆఫీసులో ఆచారంగా మారింది. అన్న రిటైరయ్యి నేను వచ్చాక కూడా కొన్నాళ్లు పొద్దున్నే ప్రింటర్ స్విచ్చి వేసేవారు, ఎందుకో ఎవరికీ గుర్తులేకుండానే.

కొన్నారు అన్నాను కదా. ఏం కొన్నారో కంపెనీ నడిపే సారుకి మొదట అర్థం కాలేదు. సీడీ ఎన్ని మెషీన్లలోనైనా ఎక్కుతుంది. డబ్బు కట్టింది దాన్ని వాడుకునే అనుమతికి: ఏ స్థాయి వరకు, ఒకేసారి ఎంతమంది. కింది స్థాయిలో పటం చూడొచ్చు, రంగులు వేయొచ్చు, గీతలు దిద్దొచ్చు. పక్కపక్క సర్వే నంబర్ల మధ్య సందు లేకుండా, ఒకదాని మీద ఇంకొకటి ఎక్కకుండా సరిచూసే టోపాలజీ పనికి పై స్థాయి కావాలి. ఎత్తుపల్లాల లెక్కలకు ఇంకో ఎక్స్‌టెన్షన్, దాని ధర వేరు. అన్నీ అదే సీడీలో ఉంటాయి. ఏది తెరవాలో, ఏది మూయాలో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు చెబుతుంది. ఆ ఫైల్లో నా నంబరు రాసి ఉంటుంది. నేను లేని ఫైలుకీ విలువ లేదు, ఫైలు లేని నాకూ విలువ లేదు.

సారు లెక్క వేసి పై స్థాయిది ఒక్కటి, కింది స్థాయివి మూడు తీసుకున్నారు. ఆపరేటర్లు ఎనిమిది మంది. నన్ను సర్వర్‌కి గుచ్చారు. ఎవరు ముందు తెరిస్తే వాళ్లకి సీటు, మిగతావాళ్లు ఆగాలి. పదకొండు గంటలకల్లా కేకలు మొదలయ్యేవి: "అన్నా, నువ్వు డిజిటైజింగే కదా, ఆ పెద్దది ఎందుకు తెరిచావ్? క్లోజ్ చెయ్!" ఒకతను పటం తెరిచిపెట్టి భోజనానికి పోయేవాడు. అతని సీటు ఇంకొకరికి ఇవ్వాలని నాకు ఎంత ఉన్నా ఇవ్వలేను, ఖాళీ కుర్చీకి కూడా కాపలా కాయడమే నా ఉద్యోగం. అప్పుడు సారుకి ఒకటి తట్టింది. మనుషుల సంఖ్య చూసి కాదు, ఒకే గంటలో టోపాలజీ అవసరమయ్యే మనుషుల సంఖ్య చూసి కొనాలి. ఆ ఏడాది పని షెడ్యూలు మార్చి, పొద్దున ఒక జట్టు, సాయంత్రం ఒక జట్టు పెట్టారు. కొత్త లైసెన్సు కొనకుండానే కేకలు తగ్గాయి. సాఫ్ట్‌వేర్ అమ్మిన డీలర్ ఈ సలహా ఇవ్వలేదు, ఇవ్వడు కూడా.

మెయింటెనెన్సు రుసుము సంగతి మార్చి నెలలో వచ్చేది. అది కట్టకపోతే నేను చచ్చిపోనని సారుకి ఎవరూ చెప్పలేదు. నాలాంటి శాశ్వత లైసెన్సుకి కొత్త వెర్షన్లు రావు, ఫోనులో సాయం ఉండదు, అంతే. ఉన్నది నడుస్తూనే ఉంటుంది. ఈ రోజుల్లో వచ్చే సబ్‌స్క్రిప్షన్లు అలా కాదు. గడువు దాటితే లాగిన్ దగ్గరే ఆపేస్తాయి.

సాఫ్ట్‌వేర్ ఎంత ఖరీదైనదైతే మాత్రం కొన్ని తలనొప్పులు తీరవు. 1 మైలుకి 16 అంగుళాల పాత గ్రామ పటం స్కాన్ చేసి ఎక్కిస్తారు. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాకృతి మీద కట్టినవి, జీపీఎస్ చెప్పేది డబ్ల్యూజీఎస్ 84. రెండూ కలిపేటప్పుడు ఆ మార్పు చేయడం మరిస్తే పొలం గట్టు పక్క చెరువులోకి జరిగిపోతుంది. ఇంకో చిక్కు: యూటీఎం పద్ధతిలో భూమిని జోన్లుగా విడగొడతారు, 44వ జోన్ 78 నుంచి 84 డిగ్రీల రేఖాంశం వరకు. అనంతపురం 43లో పడుతుంది, ఇచ్ఛాపురం 45లో. రాష్ట్రం మొత్తం ఒకే పటంగా కావాలని క్లయింటు అడిగినప్పుడు ఏ జోన్ పెట్టాలన్నది మనిషే తేల్చుకోవాలి. అందులో నేను సాయపడింది సున్నా.

ఫైళ్ల గొడవ ఇంతకంటే పెద్దది. పటాలను ఇచ్చిపుచ్చుకోవడానికి అందరూ షేప్‌ఫైల్ అనే రూపం వాడేవారు. ఎస్రీ సంస్థ దాని వివరాలను 1998లో బయటపెట్టింది కాబట్టి ఏ సాఫ్ట్‌వేరైనా చదువుతుంది. పేరుకి ఒక ఫైలు, నిజానికి కనీసం మూడు: ఆకారాలకి ఎస్‌హెచ్‌పీ, సూచికకి ఎస్‌హెచ్‌ఎక్స్, పట్టికకి డీబీఎఫ్. కొత్తగా చేరిన కుర్రాడు పెన్‌డ్రైవ్‌లో ఎస్‌హెచ్‌పీ ఒక్కటే వేసుకుని క్లయింటు దగ్గరికెళ్లి, రైతుల పేర్లేవని వాళ్లడిగితే బిక్కమొహం వేసుకుని తిరిగొచ్చాడు. డీబీఎఫ్‌లో కాలమ్ పేరు 10 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8 యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తుకి 3 బైట్లు. "గ్రామం" అని రాస్తే 18 అవుతాయి, పట్టదు. "ఊరు" అంటే 9, పడుతుంది. కానీ ఎన్‌కోడింగ్ తప్పితే లోపలున్న ఊళ్ల పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. 2014లో వచ్చిన జియోప్యాకేజీ ఒక్క ఫైలులో ఒదుగుతుంది, తెలుగు కూడా నలగదు. అయినా టెండర్లో షేప్‌ఫైలే రాస్తారు. అలవాటు.

క్యూజీఐఎస్ అనే ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ మా ఆఫీసులోకి పెన్‌డ్రైవ్ మీదే వచ్చింది. గ్యారీ షెర్మన్ 2002లో మొదలుపెట్టిన పని అది, 1.0 వెర్షన్ 2009లో వచ్చింది. సీనియర్ మేడమ్ తన మెషీన్లో ఎక్కించి నావైపు చూడనైనా చూడకుండా పటం తెరిచింది. నాకు నిజంగా మండింది. దాని లైసెన్సు జీపీఎల్: ఎన్ని మెషీన్లలోనైనా వేసుకోవచ్చు, దాంతో చేసిన పటాలు అమ్ముకోవచ్చు, కోడు దిద్దుకోవచ్చు. దిద్దిన సాఫ్ట్‌వేర్ ఇంకొకరికి ఇస్తే కోడు కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి.

"ఉచితంగా వచ్చేదానికి రేపు ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేస్తామమ్మా?" అన్నారు సారు.

"డబ్బు కట్టినదానికి ఫోన్ చేస్తే ఎవరెత్తారు సార్?" అంది మేడమ్.

సారు అడిగింది కూడా తీసిపారేసే మాట కాదు. నేర్పడానికి రోజులు పట్టాయి, పాతదానికి అలవాటుపడ్డ చేతులు తప్పు బటన్లు నొక్కాయి, ఒకటి రెండు పనులకి మళ్లీ నా దగ్గరికే వచ్చారు. లైసెన్సు సొమ్ము కొంత శిక్షణకి మళ్లింది. ఊరికే వచ్చిందని చెప్పేవాళ్లు ఆ లెక్క వేయరు.

నేను బీరువాలోకి చేరాను. ఈ మధ్య ఒక పాత క్లయింటు పాత మండలం పటంలో మార్పు అడిగాడు. గీతలు ఏ సాఫ్ట్‌వేర్లోనైనా తెరుచుకుంటాయి గానీ, రంగులూ పేర్లూ అమరికా ఉన్న ప్రాజెక్టు ఫైలు మాత్రం నా సాఫ్ట్‌వేర్‌కే లొంగుతుంది. లాక్ తెమ్మంటే కొత్త కుర్రాడు నన్ను అటూ ఇటూ తిప్పి, "మేడమ్, ఇందులో సిమ్ ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. ఇంటర్నెట్ డాంగిల్ అనుకున్నాడు పాపం. మూలనున్న ఎక్స్‌పీ మెషీన్‌కి నన్ను గుచ్చారు. "ఉన్నావా?" అంది. ఉన్నాను అన్నాను. ఆ పూటే మేడమ్ కూర్చుని పాత ప్రాజెక్టులన్నిటి పట్టికలూ పొరలూ జియోప్యాకేజీలోకి, అమరికలు పీడీఎఫ్‌లోకి ఎగుమతి చేయించింది.

తర్వాతి వారం డీలర్ కొత్త కొటేషన్ పట్టుకొచ్చాడు. స్థాయిలు, సీట్లు, పద్దెనిమిది శాతం జీఎస్‌టీ. సారు అంతా విని, "గడువయ్యాక మా ఫైళ్లు మాకు తెరుచుకుంటాయా?" అని అడిగారు. రాతపూర్వకంగా మెయిల్ పెడతానన్నాడు. మెయిల్ ఇంకా రాలేదు. ఈలోగా మేడమ్ కొటేషన్లో ఎనిమిది సీట్లన్నది కొట్టేసి, టోపాలజీకి తప్పనివి రెండే రాసి సంతకానికి పంపింది.