పరగడుపు గంగమ్మకు స్తోత్రం

అమ్మా గంగమ్మా! పొద్దున్నే గోరువెచ్చగా మా గొంతులోకి దిగే తల్లీ, నీకు దండం. తెలుగునాట నిన్ను కొలిచే ఇళ్లు ఇప్పుడు ఎన్నెన్నో. నిమ్మచెక్క పిండి తేనె కలిపేవారు కొందరు, జీలకర్ర వేసి మరిగించేవారు కొందరు, మెంతులు నానబెట్టేవారు కొందరు. లీటరుంపావు ఆపకుండా తాగేసేవారి భక్తికైతే సాటి లేదు. అందరి మొక్కూ ఒకటే, ఒళ్లు తగ్గాలని. నీ మహిమలను ఉన్నవి ఉన్నట్టు కీర్తిస్తాను. లేనిది ఒక్కటీ కలపను.

నీలో కేలరీలు సున్నా. ఇది నీ మొదటి మహిమ. తేనెకు ఈ మహిమ లేదు. పెద్ద చెంచాడు తేనెలో 60కి పైగా కేలరీలుంటాయి. కొవ్వు కరుగుతుందని నీ పేరు చెప్పుకుని రోజూ పరగడుపున మేం మింగుతున్నది చక్కెరనే.

ఒంట్లో వేడి రగిలించడం నీ రెండో మహిమ. 2003లో బెర్లిన్ పరిశోధకులు 14 మందికి అరలీటరు చొప్పున నీళ్లు తాగించి, శరీరం అదనంగా 24 కేలరీలు ఖర్చు చేసిందన్నారు. 2006లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబోర్గ్‌లో మరికొందరు పరీక్షిస్తే ఆ పెరుగుదల కనబడలేదు. సరే, పెద్ద అంకెనే నీకు ఇచ్చేస్తాం. అది ఇంచుమించు ఒక్క మేరీ బిస్కెట్‌కు సరిపోతుంది. అందులోనూ కొంత భాగం, తాగిన నీళ్లను ఒంటి వేడికి తెచ్చుకోవడానికి అయిన ఖర్చని బెర్లిన్ వాళ్లే చెప్పారు. నిన్ను ముందే వెచ్చబెట్టి తాగితే ఆ కాస్తా మిగలదు.

కొవ్వు కరిగించేది నువ్వేనన్నది నీ గురించి అందరూ పాడే మూడో మహిమ. కరిగిన కొవ్వు ఎటు పోతుందో 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 10 కిలోల కొవ్వు ఖర్చయితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువై ఊపిరిలో వెళ్లిపోతుంది, 1.6 కిలోలు నీరవుతుంది. తల్లీ, నువ్వు కొవ్వును కరిగించవు. కరిగిన కొవ్వులో కొంత నువ్వవుతావు.

వారం తిరగకుండా తూకం దించడం నీ నాలుగో మహిమ. ఇది కళ్లారా కనబడేది. అన్నం, చపాతీ మానేసి లీటర్లకు లీటర్లు తాగినవారికి మొదటి వారంలోనే కిలోలు తగ్గుతాయి. అప్పుడు ముందుగా ఖర్చయ్యేది కాలేయంలో, కండరాల్లో దాచిన గ్లైకోజెన్. దాని ప్రతి గ్రామునూ అంటిపెట్టుకుని సుమారు 3 గ్రాముల నీరుంటుంది, అదీ వెంటే పోతుంది. నిన్ను తాగి నీ భక్తులు ముందుగా పోగొట్టుకునేది నిన్నే. మళ్లీ అన్నం ముట్టగానే తిరిగొస్తావు.

ఇక నీ సొంత మహిమ చెబుతాను. 2015లో బర్మింగ్‌హామ్‌లో స్థూలకాయులు కొందరు భోజనానికి అరగంట ముందు అరలీటరు నీళ్లు తాగారు. 12 వారాలకు, తాగనివారి కంటే సగటున 1.3 కిలోలు ఎక్కువ తగ్గారు. కడుపులో కాస్త చోటు నువ్వు ఆక్రమించావు, అంతే. అంతకంటే గొప్పది, కూల్‌డ్రింకు తాగే చోట నిన్ను తాగడం. 300 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ సీసా దించి నిన్ను ఎత్తినప్పుడు మాత్రం నిజంగా మేలు చేస్తావు.

ఎంత తాగితే అంత మంచిదనేది మాత్రం నీకు మేం చేస్తున్న అపచారం. 1945లో అమెరికా పోషకాహార మండలి పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్లు కావాలంటూ, అందులో చాలాభాగం తిండిలోనే దొరుకుతుందని పక్కనే రాసింది. లోకం మొదటి మాటే పట్టుకుంది. ఆరోగ్యవంతుల కిడ్నీలు కూడా గంటకు లీటరుకు మించి పెద్దగా బయటకు పంపలేవు. తక్కువ సమయంలో మితిమీరి తాగితే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. 2007లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో, రేడియోవాళ్లు పెట్టిన నీళ్లు తాగే పోటీలో పాల్గొన్న యువతి అలాగే చనిపోయింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతికేవారు గ్లాసులు లెక్కపెట్టుకుని తాగాలి. గుండె నీరసించినవారిదీ అదే పరిస్థితి. అందరికీ నాలుగు లీటర్లని ఒకే మంత్రం చెప్పేవాళ్లు, వినేవాళ్లలో వీళ్లూ ఉంటారని తలచుకోవడం లేదు. ఆ మాట నమ్మి తాగినవారికి జరిగే కీడుకు చెప్పినవాళ్లే బాధ్యులు.

కాబట్టి తల్లీ, మేం తగిలించిన బిరుదులన్నీ తీసేస్తున్నాం. దాహం తీర్చేదానివన్న ఒక్క పేరు ఉంచుకో. దానికి సాటి మందు లేదు. మా ఒంటి బరువు పళ్లెంలో రెండోసారి వడ్డించుకున్న అన్నంలోంచి, సాయంత్రపు మిర్చిబజ్జీల్లోంచి, కదలకుండా కూర్చున్న గంటల్లోంచి వచ్చింది. అది దించే పని నీ మీద వేసి చాలాకాలం తప్పించుకున్నాం. ఆ పని మాది, మేమే చేసుకుంటాం.