ఊదకముందే చేసిన ఫోను

"డ్యూటీలో లేడు కదా తమ్ముడూ, పోనీ." ఈ మాట అన్నది నేనే. మోకాలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్న పాల కుర్రాడితో అన్నాను.

తెల్లవారుజామున మా సందు మలుపులో ఒక కానిస్టేబుల్ బైకు అతన్ని గుద్దింది. కానిస్టేబుల్ మా వీధివాడే, ఏదో ఫంక్షన్‌ నుంచి వస్తున్నాడు. మాట తడబడుతోంది, దగ్గరికి వెళ్తే మందు వాసన. సొంత బండికి ఎరుపు నీలం రంగుల్లో 'పోలీస్' స్టిక్కర్. ట్రేలోని ప్యాకెట్లు పగిలి పాలు మోరీలోకి పారుతుంటే, కుర్రాడు కాలు ఈడ్చుకుంటూ పగలనివి ఏరుకుంటున్నాడు. "అన్నా, 100కు ఫోన్ చెయ్యవా" అని అడిగాడు. నేను చెయ్యలేదు. ఉద్యోగం పోతుంది, చిన్నపిల్లలున్నవాడు అని నచ్చజెప్పాను. మందుల ఖర్చుకు కొంత డబ్బు ఇప్పించి, పెద్దమనిషి తరహాలో ఇంటికొచ్చాను.

జాలితో చేశాననుకున్నాను. అది జాలి కాదు. అంతకు కొన్ని నెలల ముందు పెళ్లి విందు నుంచి వస్తూ డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో నేను ఆగాను. తాగి ఉన్నాను. ఒకసారి మెషిన్‌లో ఊదితే అంకె నమోదైపోతుందని, ఆ తర్వాత ఎవరు చెప్పినా లాభం లేదని నాకు తెలుసు. అందుకే ఊదకముందే ఈ కానిస్టేబుల్‌కి ఫోన్ చేశాను. అక్కడి సారుకు ఫోనిచ్చాను. అరనిమిషంలో నన్ను వదిలేశారు. అదే బండి మీద ఇంటికొచ్చాను. నా వెనక ఆగినవాళ్లకు ఫోన్ చెయ్యడానికి ఎవరూ లేరు. వాళ్లు బండి అప్పగించి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు, ఆపైన కోర్టుకు వెళ్లి ఉంటారు.

చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమే. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ట్రాఫిక్ జరిమానాల్లో ప్రభుత్వమే బహిరంగంగా ఇచ్చిన మినహాయింపులూ ఉన్నాయి: తెలంగాణలో 2022 మార్చిలో, 2023 డిసెంబరులో పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు. టూవీలర్లకు మొదట 75 శాతం, తర్వాత 80 శాతం తగ్గించారు. ఆ పద్ధతి నచ్చనివాళ్లున్నారు. కానీ అది అందరికీ చెప్పి ఇచ్చిన రాయితీ, ఎవరైనా వాడుకోవచ్చు. నాకు దొరికింది తెలిసినవాడుంటేనే దొరికేది. దాని ధర ఆ తెల్లవారుజామున ఇంకొకడి మోకాలితో కట్టించాను.

'డ్యూటీలో లేడు' అన్న మాటకు చట్టంలోనూ పెద్ద ఆధారం లేదని తర్వాతే చదివాను. 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షన్, ఆ చట్టం దృష్టిలో పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అంటుంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 210బి సెక్షన్ ఇంకా సూటిగా ఉంది: ఆ చట్టాన్ని అమలు చేసే అధికారమున్నవాళ్లే దాన్ని మీరితే శిక్ష రెట్టింపు. నాకంటే కఠినంగా చూడాల్సిన మనిషిని నేను నాకంటే మెత్తగా చూశాను. యూనిఫాం విప్పితే మామూలు మనిషే అంటారు. సరే, మామూలు మనిషి తాగి గుద్దితే మా వీధివాళ్లం ఊరుకునేవాళ్లమా?

కుర్రాడు చాలా రోజులు పనికి రాలేదు. ఎఫ్‌ఐఆర్ లేకపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పరిహారం రాబట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు నేను ఆలోచించనే లేదు. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలో, జిల్లాల్లో విడిగా అథారిటీలు పెట్టాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. కానీ ఏ అథారిటీ అయినా, చూసినవాడు నోరు విప్పకపోతే దేన్ని పట్టుకుని విచారిస్తుంది?

మొన్న ఆ కుర్రాడి గదికి వెళ్లాను. చూసింది చూసినట్టు తెల్లకాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఆ కాగితం స్టేషన్లో ఇస్తాడో, పైఅధికారికి పంపుతాడో, ఊరుకుంటాడో అతని ఇష్టం. ఎవరు పిలిచినా వస్తానని చెప్పాను. తనిఖీ దగ్గర నేను చేసిన ఫోను సంగతి కూడా అందులోనే రాశాను.