అమ్రాబాద్ ఇప్పచెట్టు కథ

ఈ కథలోని ఇప్పచెట్టు నల్లమల అడవి ఉత్తర భాగాన, అమ్రాబాద్ పీఠభూమి మీద ఉంది. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ నేల 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అడవి తూర్పు అంచు నల్లగొండ జిల్లాలోకి సాగుతుంది. దక్షిణాన లోతైన లోయలో కృష్ణ పారుతుంది. డిండి వాగూ ఆ నదిలోనే కలుస్తుంది. చెట్టుకు చుట్టూ ఉన్న బంధువులు టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి.

1983లో ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో భాగమైంది. రాష్ట్రం విడిపోయాక, 2015లో తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు.

ఇప్పగింజ ఎక్కువ కాలం నిలవదు. రాలిన ఏడాదే, తొలివానల తేమకే మొలకెత్తాలి. మొలిచిన మొక్క పూతకు రావడానికి పదేళ్లు అటూఇటూ పడుతుంది.

ఎండాకాలం మొదట్లో ఆకు రాలుతుంది, కొమ్మల చివర మొగ్గలు గుత్తులుగా వేలాడతాయి. పువ్వు రాత్రి విచ్చుకుంటుంది. తీపికి వచ్చే గబ్బిలాలు పుప్పొడిని ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు చేరుస్తాయి. తెల్లవారేలోగా రసం నిండిన లేత పసుపు పూరేకుల గొట్టం ఊడి నేల మీద పడుతుంది. కీలం మాత్రం దారంలా కొమ్మనే అంటి ఉంటుంది. కాయ కాసేది అక్కడే.

రాలిన పువ్వు కోసం ఎలుగుబంటి, దుప్పి, కణితి, అడవిపంది చెట్టు కిందికి వస్తాయి. వాటి వెంట పులి, చిరుత, రేసుకుక్కలు తిరుగుతాయి. పొద్దున చెంచు గిరిజనుల గూడేలైన పెంటల నుంచి ఆడవాళ్లు గంపలతో వచ్చి మిగిలిన పువ్వు ఏరుకుంటారు, ఎండబెట్టి దాచుకుంటారు. వానాకాలం వచ్చేసరికి కాయల గింజల నుంచి నూనె తీస్తారు. అడవిని ఎరిగిన చెంచులు ఈ చెట్టు కథలో ఆదినుంచీ ఉన్నవారే.

ఈ బతుకుకు ముప్పులూ ఉన్నాయి. వేసవిలో ఎండుటాకులకు నిప్పంటుకుంటే పెద్ద చెట్టు తట్టుకుంటుంది, లేత మొలక తట్టుకోదు. అందుకే మంట పాకకుండా అటవీశాఖ ముందుగానే అగ్గిగీతలు తీస్తుంది. జంతువులు వాహనాల కింద పడకుండా, అడవి మధ్యగా పోయే హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపుతారు. పువ్వు రాలి జంతువులు మేతకు కదిలే వేళ కూడా అదే. ఈ అడవిలో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

పాత చెట్టు ఎన్నేళ్లు పూసినా దాని కింద పిల్లమొక్క నిలవకపోతే అడవికి రేపు లేదు. కొన్ని గింజలను నేలకే వదలాలి. మొలకలను నిప్పు నుంచి, పశువుల మేత నుంచి తొలి కొన్నేళ్లు కాపాడాలి. ఎలుగుబంటి ఆకలీ, చెంచు ఇంటి గంపా రెండూ ఆ కొత్త మొక్కల మీదే ఆధారపడి ఉన్నాయి.