వచ్చేటప్పుడు కొందాంలే

ఈ ఫిర్యాదు నలభై ఏళ్లు ఆలస్యంగా దాఖలవుతోంది. అది నా బద్ధకం కాదు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలో, ఎవరికి ఫిర్యాదు చేయాలో ఆ రెండు చోట్లా వాళ్లే కావడం వల్ల వచ్చిన చిక్కు. ఒకరు మా అమ్మ, రెండోవారు మా నాన్న. పై కోర్టుకి పోదామంటే మా నాయనమ్మ ఉండేది. ఆవిడకి చెవుడు.

కేసు పూర్వాపరాలు మనవి చేస్తాను. 1980ల మొదటి రోజులు. మాది గుడివాడ. ఏడాదికి రెండుసార్లు, దసరాకి ముందొకసారి, బడులు తెరిచేముందు ఒకసారి, మా కుటుంబం బెజవాడ మీదకి దండయాత్రకు బయల్దేరేది. గుడివాడలో గుడ్డలు దొరకవా అంటే దొరుకుతాయి. కానీ అవే గుడ్డలు బెజవాడలో గజానికి రూపాయి తక్కువని మా అమ్మ సిద్ధాంతం. ఆ రూపాయి మిగల్చడానికి ఐదుగురం రానూపోనూ ఛార్జీలు పెట్టుకుని, మధ్యలో రెండు రిక్షాలు ఎక్కి, తలనొప్పి మాత్రలు కొనుక్కుని వచ్చేవాళ్లం. మొత్తం ఎంతయిందని మా ఇంట్లో లెక్క అడగగల కాగ్ ఇంకా పుట్టలేదు. నాన్న ఒకసారి అడగబోయి, దగ్గి ఊరుకున్నాడు.

బీసెంట్ రోడ్డు మీకు తెలుసు కదా. 1916లో హోమ్‌రూల్ ఉద్యమం లేవదీసి, మన పాలన మనకే కావాలన్న అనీబిసెంట్ పేరున్న వీధి. సరిగ్గా ఆ వీధిలోనే నా స్వపరిపాలన హక్కు మట్టిలో కలిసింది. ఏలూరు రోడ్డు వైపు నుంచి వీధిలోకి దిగి పదడుగులు వేశామో లేదో, ఒక పళ్లెంలో నీళ్లు పోసుకుని, అందులో టపటపమంటూ గిరగిరా తిరిగే రేకు పడవ పెట్టుకుని కూర్చున్న మనిషి. అతని పక్కన కీ ఇస్తే డప్పు కొట్టే కోతి. కోతి పక్కన రంగుకాగితాల కళ్లజోళ్లు. ఆ పక్కన బుడగలు, ఈలలు, బొంగరాలు, రబ్బరు పాము. నేను ఆగేవాణ్ణి. నా చెయ్యి ఆగేది కాదు, అది అమ్మ చేతిలో ఉండేది. "వచ్చేటప్పుడు కొందాంలే నాన్నా" అనేది అమ్మ.

ఆ 'లే'ని గమనించండి. 'కొందాం' అంటే వాగ్దానం. 'కొందాంలే' అంటే వాగ్దానానికి అక్కడికక్కడే దినం పెట్టేయడం. ఇంత చిన్న అక్షరానికి ఇంత పెద్ద అధికారం ఏ రాజ్యాంగంలోనూ కట్టబెట్టి ఉండరు. పైగా ఆ వీధికి కొసలు రెండు. ఒకటి ఏలూరు రోడ్డు, రెండోది బందరు రోడ్డు. మేము ఒక కొసన దూరి రెండో కొసన తేలేవాళ్లం. మళ్లీ ఆ దారిన వస్తే కదా పడవ! ఈ భౌగోళిక కుట్ర నాకు బోధపడేసరికి ఎనిమిదేళ్లు నిండాయి. అప్పటికి పడవల మనిషి దువ్వెనలు అమ్ముతున్నాడు.

ఇక వన్‌టౌన్ గుడ్డల కొట్టు. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోవడం. గుమాస్తా ఒక్కొక్క చీరే విదిలించి పరవడం, అమ్మ ఒక్కొక్క చీరనే అంచు పట్టుకుని, నలిపి, వెలుతురుకి పెట్టి, పక్కన పడేయడం. అరవై చీరలు గుట్ట పడ్డాక "ఇంతకన్నా మంచివి లోపల లేవా?" అనడం. నాన్న గోడకి ఆనుకుని కళ్లు మూసుకోవడం. చెల్లి చీరల గుట్టలో నిద్రపోవడం. చివరికి మొట్టమొదట చూసిన చీరే తీసుకోవడం. ఇవన్నీ నేను క్షమించాను. క్షమించలేనిది ఒకటుంది. సరిగ్గా ఆ సమయానికి కొట్టు యజమాని కుర్రాణ్ణి కేకేసి "పిల్లలకి సోడాలు పట్రారా" అనేవాడు. ఆ మాటకి నా పంచప్రాణాలూ లేచి నిలబడేవి. వెంటనే అమ్మ గొప్ప సంస్కారంతో, "వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాం" అనేది. మేము తాగింది గుడివాడ నుంచి తెచ్చుకున్న మరచెంబులో నీళ్లు.

తర్వాత నా చొక్కా. నా చొక్కా అంటున్నాను గానీ, అది సమష్టి ఆస్తి. ఒకే తానులో నాకూ, అన్నయ్యకీ, మా బాబాయి కొడుక్కీ చొక్కాలు. మిగిలింది దిండు గలీబులకి. అప్పటికీ మిగిలితే కిటికీకి. దసరా రోజున నేను కిటికీ పక్కన నిలబడితే, మా పెద్దత్తయ్య "వాడేడే?" అని వెతికేది. కొలతలకి వెళితే దర్జీకి నాన్న ఆదేశం ఒక్కటే: "పెరిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు." చెప్పుల కొట్లోనూ అదే జీవో. ఈ ఏడాది కాలికి కాదు, వచ్చే ఏడాది కాలికి కొనేవాళ్లు. బొటనవేలి ముందు బెత్తెడు ఖాళీ, ఆ ఖాళీలో పాత పేపరు. నా కాలు పెరిగి ఆ చెప్పుకి సరిపోయేనాటికి, చెప్పు తెగేది.

అన్నిటికన్నా ఘోరమైన ఘట్టం స్టీలు సామాన్ల కొట్టు. బేరంలో మా అమ్మకి ఒక బ్రహ్మాస్త్రం ఉండేది, లేచి వెళ్లిపోవడం. "ఆ ధరకైతే మాకొద్దు" అని గిన్నె కింద పెట్టి, మమ్మల్ని తోలుకుని మెట్లు దిగేది. ఐదడుగులు వేశాక వెనక నుంచి "అమ్మా, రండి రండి!" అని పిలుపు రావాలి. అది ఆనవాయితీ. ఒక ఏడు పిలుపు రాలేదు. ఐదడుగులు అయ్యాయి, పదయ్యాయి, పదిహేనయ్యాయి. అమ్మ నడక నెమ్మదించింది. చెప్పు సర్దుకుంది. చెల్లి జడ మళ్లీ అల్లింది. పిలుపు లేదు. వెనక్కి వెళితే వంశప్రతిష్ఠ పోతుంది, వెళ్లకపోతే గిన్నె పోతుంది. ఆ సంక్షోభంలో నన్ను రాయబారిగా నియమించారు. "ఒరేయ్, ఊరికే ఆ కొట్టు ముందు కనబడేట్టు నిలబడు. ఏమీ అడక్కు." శ్రీకృష్ణుడికి కనీసం అయిదూళ్లు అడిగే స్వేచ్ఛ ఉంది. నాకు అదీ లేదు. నిలబడ్డాను. కొట్టువాడు చూశాడు. "ఏం బాబూ, తప్పిపోయావా?" అన్నాడు.

కొనుగోళ్లు అయ్యాక విహారం అని ఒకటుండేది. గాంధీ కొండ మీద బుల్లి రైలుందని అన్నయ్య చెప్పగా విని, ఎక్కిస్తారని నేను ఆశపడేవాణ్ణి. నాన్న మాత్రం ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లేవాడు. దానికి టిక్కెట్టు లేదు. అక్కడ రెయిలింగు పట్టుకుని, కృష్ణమ్మ మీద నుంచి వచ్చే చల్లగాలి మొహానికి కొడుతుంటే, నాన్న పాఠం మొదలుపెట్టేవాడు. 1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగింది, ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది, గేట్లు 70. నాలుగడుగుల దూరంలో పిడత కింద పప్పు బండి. చిన్న కుండలో నిప్పులు, ఆ వేడికి మరమరాల వాసన, మీద ఉల్లిపాయ, కారం, నిమ్మకాయ పిండుతున్న చప్పుడు. నేను అటు తిరిగితే "గేట్లు ఎన్నిరా?" అని అడిగేవాడు. డెబ్బై అంటే పప్పు కొనిపెడతాడేమోనని అరిచి చెప్పేవాణ్ణి. "శభాష్" అని, అమ్మ వైపు తిరిగి పులిహోర డబ్బా తీయమనేవాడు.

పాఠకులారా, మీ కళ్లు చెమర్చాయని నాకు తెలుసు. మీకూ ఇలాంటి బకాయిలు ఉంటాయి. నావి ఒక కాగితం మీద రాశాను: రేకు పడవ ఒకటి, డప్పు కోతి ఒకటి, సోడాలు పద్నాలుగు, పిడత కింద పప్పు పొట్లాలు లెక్కలేనన్ని, బుల్లి రైలు ఎక్కడం ఒకసారి, నాకు నచ్చిన రంగు చొక్కా ఒకటి. వడ్డీ వేయలేదు. నేను అంత కసాయివాణ్ణి కాను.

పోనీ, నా వంతు వచ్చాక నా పిల్లల దగ్గర వసూలు చేసుకుందామనుకున్నాను. వంశపారంపర్యంగా వచ్చిన ఆ మహామంత్రం నోట్లో సిద్ధంగా పెట్టుకుని ఇరవై ఏళ్లు ఎదురుచూశాను. కానీ ఈ కాలం పిల్లలు బజారుకి రారు. సోఫాలో పడుకుని ఫోను మీద వేలు పెడతారు, మూడోనాటికి గుమ్మంలో అట్టపెట్టె దిగుతుంది. వెళితే కదా, వచ్చేటప్పుడు కొందాంలే అనడానికి! ఆస్తి అంటూ నాకు దక్కిన ఒకే ఒక్క వాక్యం నా చేతిలోనే తుప్పు పట్టింది. డబ్బు మాత్రం నా కార్డులోంచే పోతుంది.

మొన్న దసరా ముందు నాన్నకి పంచెలు కొనడానికి బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్లాను. ఎనభై రెండేళ్లు, షుగరు, చేతికర్ర. ఏలూరు రోడ్డు వైపు నుంచే దిగాం. పదడుగులు వేశాక ఆయన ఆగాడు. చెరకు రసం బండి. గానుగలో గెడ నలుగుతోంది, నురగ గ్లాసులోకి దిగుతోంది. నేను చెయ్యి పట్టుకుని మెల్లిగా లాగాను. నా ప్రమేయం లేకుండానే నా నోట్లోంచి వచ్చేసింది: "వచ్చేటప్పుడు తాగుదాంలే నాన్నా."

ఆయన కదల్లేదు. కర్ర నేల మీద ఆనించి, నన్ను ఎగాదిగా చూసి అడిగాడు: "ఏ దారిన వస్తాంరా?"

అర గ్లాసు తాగించాను. మిగతా సగం నేను తాగాను. ఫిర్యాదు మాత్రం ఉపసంహరించుకోవడం లేదు. రేకు పడవ ఇంకా రావాలి.