వాడికేం తెలుస్తుంది?

చూపూ వినికిడీ రెండూ దెబ్బతిన్న పిల్లలున్న ఇంటికి సలహా చెప్పడానికి మన సికింద్రాబాదులో పెద్ద చదువులేం అక్కర్లేదు. మారేడ్‌పల్లి అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసే పెద్దమనిషి దగ్గర్నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌లో టమాటాలు తూచే ఆమె దాకా అందరికీ వచ్చు. ఒక్కో సలహా కోసం తల్లిదండ్రులు ఒక్కో చోటికి తిరగాల్సి రావడమే ఇబ్బంది. వాళ్ల కాళ్లకి కాస్త విశ్రాంతిగా ఉంటుందని ముఖ్యమైనవన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

ముందుగా, పిల్లవాడికి చెప్పకుండా పని కానిచ్చెయ్యడం నేర్చుకోండి. స్నానానికి వేళయిందనుకోండి. వెనకనుంచి వచ్చి, చంకల కింద చేతులు వేసి, అమాంతం గాల్లోకి లేపండి. వాడు ఉలిక్కిపడి, కాళ్లు తన్ని, కెవ్వుమంటాడు. "మొండితనం, నీళ్లంటే భయం" అని పక్కింటివాళ్లతో చెప్పుకోవచ్చు. వాళ్లు కూడా "వానికేం తెలుస్తది, అట్లనే ఎత్తుకొని పో" అని మీ పక్షమే మాట్లాడతారు. కొందరు తల్లులు మాత్రం ఈ చిన్న పనిని ఊరికే సాగదీస్తారు. ముందు భుజం మీద చెయ్యి వేస్తారు. వచ్చింది అమ్మేనని వాడికి తెలిసేదాకా తియ్యరు. తరవాత తువ్వాలు తెచ్చి వాడి చేతిలో పెడతారు. వాడు దాన్ని తడుముతాడు, బుగ్గకి రుద్దుకుంటాడు, అంచు నోట్లో పెట్టుకుంటాడు. అప్పుడుగానీ లేవదియ్యరు. రోజూ అదే తువ్వాలు కావాలి, మార్చకూడదు. ఇలా చేస్తూపోగా కొన్నాళ్లకి తువ్వాలు తగలగానే వాడే బాత్‌రూమ్ వైపు అడుగేస్తాడు. ఇంకొన్నాళ్లు పోయాక, ఒళ్లంతా చెమటకారే ఏ మే నెల మధ్యాహ్నమో, తీగ మీదున్న తువ్వాలు తనే వెతికి లాక్కొచ్చి అమ్మ ఒళ్లో పడేస్తాడు. అంటే ఇంట్లో ఆర్డర్లు వేసేవాళ్లు ఇంకొకరు పెరిగారన్నమాట. వ్యవహారం అంతదాకా రానివ్వకండి.

ఈ జాడ్యం ముదిరితే డబ్బాల వరస మొదలవుతుంది. హాలెండులో యాన్ వాన్ డైక్ అనే ఆయన 1960ల్లో రుబెల్లా బారిన పడి పుట్టిన పిల్లలతో పనిచేస్తూ దీన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. నాలుగు డబ్బాలు వరసగా పెట్టి, మొదటిదాంట్లో చెంచా, రెండోదాంట్లో తువ్వాలు, మూడోదాంట్లో చెప్పు, ఇలా ఆ రోజు జరగబోయే పనులకి ఒక్కో గుర్తు ఉంచుతారు. పిల్లవాడు తడుముకుంటూ పోతాడు. పని అయిపోగానే ఆ వస్తువు తీసి చివరి బుట్టలో పడేస్తాడు. తిండి తరవాత స్నానమనీ, స్నానం తరవాత బయటికి షికారనీ వాడికి ముందే తెలిసిపోతుంది. ఇక వాణ్ని కంగారుపెట్టే అవకాశం మనకేం మిగిలినట్టు? పైగా మన ఇళ్లలో చెప్పుల డబ్బాలకి వేరే ఉపయోగాలున్నాయి.

చుట్టాలకి ప్రత్యేకంగా ఒక మాట. ఇంట్లో అడుగుపెట్టగానే పిల్లవాడి బుగ్గ గిల్లి "నేనెవర్రా? చెప్పుకో చూద్దాం" అని గట్టిగా అరవండి. జవాబు రాకపోతే నిట్టూర్చి కాఫీ తాగండి. వాడు అమ్మమ్మని ఎడమ చేతికున్న గాజుల జతతోనూ, నాన్నని గడియారం పట్టీతోనూ గుర్తుపడతాడని ఇంట్లోవాళ్లు చెప్పబోతారు. వచ్చిన ప్రతిసారీ ఏదైనా ఒకే గుర్తు, ఉంగరమో కడియమో, వాడి చేతికి తగిలించమనీ, మీరు మీరేనని వాడికి తెలుస్తుందనీ బతిమాలతారు. మీరు మొహమాటపడకండి. అమ్మమ్మకి కూడా శ్రావణమాసంలో కొత్త గాజులు కొనిపెట్టి, పాతవి మార్పించెయ్యండి.

అన్నం దగ్గర అసలు పట్టు చూపించాలి. చెంచా పట్టుకున్న వాడి పిడికిలి మీద మీ పిడికిలి బిగించి, గిన్నెలోకి, అక్కణ్నుంచి నోట్లోకి, గబగబా తిప్పండి. స్పెషల్ టీచర్లు దీనికి తలకిందుల పద్ధతి చెబుతారు: మీ చెయ్యి కింద, వాడి చెయ్యి పైన. పెరుగన్నంలోకి మీ వేళ్లు దిగుతుంటే మీ వేళ్ల మీద తేలుతున్న వాడి వేళ్లు అన్నీ గమనిస్తాయి. ఎక్కడ మెత్తగా ఉంది, ఎంత తీశారు, ఎటు పోతోంది, అంతా. ఇష్టం లేకపోతే చెయ్యి వెనక్కి తీసుకునే హక్కు వాడిదే. చూసేదీ మాట్లాడేదీ ఆ చేతులతోనే కాబట్టి వాటిని బిగించి పట్టుకోకూడదని వాళ్ల వాదన. అడిగాక కాసేపు ఊరుకోవాలని కూడా అంటారు. చేతిలో గుర్తు పెట్టాక అది వాడి లోపలికి వెళ్లి, జవాబై బయటికి రావడానికి సమయం పడుతుందట. మనకి అన్నం చల్లారిపోతుంది. మూడు లెక్కపెట్టండి, నోట్లో కుక్కండి.

కళ్లజోడు, చెవి మిషను ఇచ్చి ఉంటే బీరువాలో భద్రం చెయ్యండి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఎంతో కొంత చూపో, ఎంతో కొంత వినికిడో మిగిలే ఉంటుందనీ, ఆ కాస్తనీ రోజూ వాడితేనే అక్కరకొస్తుందనీ డాక్టర్లు అంటారు. అంత ఖరీదైన వస్తువు రోజూ వాడతారా ఎవరైనా? పెళ్లిళ్లకి తియ్యండి, ఫొటోలో బాగుంటుంది.

ఇక ఆఫీసులు. మన ఊరికున్న అదృష్టం చాలా ఊళ్లకి లేదు. బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన మానసిక వికలాంగుల జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. వినికిడికి సంబంధించిన అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ, చూపుకి సంబంధించిన జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఆ ఆవరణలోనే ఉన్నాయి. కాబట్టి నా సలహా ఏమిటంటే, కంటి కోసం సోమవారం, చెవి కోసం గురువారం, తెలివి కోసం పై నెల వెళ్లండి. ఒకచోట రాసిచ్చిన కాగితం ఇంకోచోట చూపించకండి. కంటివాళ్లు "చెవితో నేర్పుకోవచ్చు" అనుకుంటారు, చెవివాళ్లు "కంటితో నేర్పుకోవచ్చు" అనుకుంటారు, ఇద్దరి మాటా నిజమే, విడివిడిగా. చిక్కల్లా 2021 జూన్‌లో వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఆరేళ్లలోపు పిల్లలకి అన్నిరకాల వైకల్యాలూ ఒక్క కప్పు కింద చూసే కేంద్రాలు దేశంలో 14 చోట్ల తెరిస్తే, వాటిలో సికింద్రాబాద్ ఒకటి. పసివాణ్ని అక్కడికి తీసుకెళ్తే అన్నీ ఒకేచోట అయిపోతాయి, మన తిరుగుడంతా పోతుంది. కాబట్టి ఆరేళ్లు నిండేదాకా "మాటలు లేటుగా వస్తాయి, మా తమ్ముడికీ అంతే" అని ఆపి ఉంచండి.

వైకల్య ధ్రువపత్రం రాసిచ్చే క్యాంపులో ఏదో ఒక్క వైకల్యం ఎంచుకోమని చెప్పండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడే ఏడు రకాలు, వాటిలో ఇలాంటి పిల్లల ఊసే లేదు. 2016 చట్టం వాటిని 21 చేసి, బహుళ వైకల్యం కింద చూపూ వినికిడీ కలిసిపోయినదాన్ని పేరుపెట్టి మరీ రాసింది. అయినా పాత అలవాటు మంచిది. "చెవుడు" అని ఒక్కటే రాయిస్తే బడిలో సైగలు చేసే టీచరమ్మని ఇస్తారు. పిల్లకి ఆ సైగలు కనబడవు. అది ఆవిడ గొడవ, మనది కాదు.

బడి అంటే గుర్తొచ్చింది, టీచర్లకి రెండు ముక్కలు. పుట్టుచెవుడుతో బధిరుల పాఠశాలలో చేరి, సైగలతో చక్కగా చదువుకుంటున్న పిల్ల పది పన్నెండేళ్లకి సాయంత్రం పూట హాస్టల్ మెట్ల మీద తూలిందనుకోండి. పక్కనుంచి సైగ చేస్తే పలకదు. భోజనాల దగ్గర ప్రక్కన పెట్టిన గ్లాసు చెయ్యి తగిలి పడిపోతుంది. లైట్లు తగ్గగానే స్నేహితురాళ్ల మధ్యనుంచి లేచి వెళ్లి మంచమెక్కుతుంది. పొగరు అని రిపోర్టులో రాయండి. రేచీకటి కాబోలని కంటి ఆసుపత్రికి పంపించారంటే అషర్ సిండ్రోమ్ అంటారు. రెటీనా అంచులనుంచి చెడుతూ వచ్చి, చూపు సన్నటి గొట్టంలోంచి చూసినట్టవుతుందంటారు. అప్పుడు మీరు కిటికీకి ఎదురుగా నిలబడాలి, పూలచీర మాని ముదురు రంగు సాదా చీర కట్టుకోవాలి, సైగలు ఛాతీ దగ్గర చిన్నగా చెయ్యాలి, చూపు ఉండగానే బ్రెయిలీ మొదలుపెట్టించాలి. ఎన్ని పనులు! కిటికీకి వీపు పెట్టి, పూలచీరలో, చేతులు బార్లా చాపి చెప్పండి. అర్థం కాకపోతే గిర్రున తిరిగి బోర్డు మీద రాయండి.

అషర్ తల్లివైపునుంచీ తండ్రివైపునుంచీ ఒక్కో లోపపు జన్యువు కలిస్తేనే వస్తుంది. మేనరికాల్లో ఆ కలయికకి వీలెక్కువ. ఆస్తి బయటికి పోకూడదని ఈ సంబంధం కుదిర్చింది తాతగారే అయినా నింద కోడలి మీదే వెయ్యడం మన సంప్రదాయం. రుబెల్లా విషయంలోనూ అంతే. గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లో తల్లికి రెండు మూడు రోజులు కనీకనబడని దద్దుర్లు వచ్చిపోతాయి, బిడ్డకి కంట్లో శుక్లం, గుండెలో లోపం, చెవుడు మిగుల్తాయి. ఆస్ట్రేలియాలో గ్రెగ్ అనే కంటి డాక్టరు 1941లోనే ఈ ముడి విప్పాడు. మీరు మాత్రం "గ్రహణం రోజున బయట తిరిగావా అమ్మా?" అని అడగండి. 2017 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తొమ్మిది నెలల నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకి తట్టు-రుబెల్లా టీకా వేస్తుంటే ఆ రోజు పిల్లని ఇంట్లో దాచినవాళ్లు గ్రహణాల మీద మరింత సాధికారంగా మాట్లాడగలరు.

తల్లి డీలా పడితే హెలెన్ కెల్లర్ పేరు ఎత్తండి. "ఆవిడ పుస్తకాలు రాసింది, మీవాడు చెంచా పట్టలేడా?" పంపు కింద చెయ్యి పెట్టగానే మాట వచ్చేసిందని చెప్పండి. ఆమెకి 19 నెలల వయసు దాకా చూపూ వినికిడీ ఉన్నాయని చెప్పకండి. ఆమె టీచరు ఆన్ సలివన్ 1887 మార్చి 3న వచ్చి, ఏప్రిల్ 5న పంపు దగ్గర ఆ పిల్లకి 'నీళ్లు' తెలిసేదాకా, నెలకి పైగా రోజంతా అరచేతిలో వేళ్లతో అక్షరాలు పేరుస్తూనే ఉందనీ, అంతసేపూ తనకి వేరే పని లేదనీ కూడా చెప్పకండి. మన కాలనీలో మంజీరా నీళ్లు వచ్చేదే రోజు విడిచి రోజు.

ఆషాఢంలో బోనాలకి ఎవరూ వాణ్ని తీసుకెళ్లకూడదు. వినపడదు, కనబడదు, ఎందుకు? ఉజ్జయిని మహంకాళి గుడి దారిలో నాన్న భుజాల మీద కూర్చున్న ఒక పిల్లవాణ్ని చూశాను. డప్పు ఇంకా వీధి మలుపులో ఉండగానే వాడి మడమలు నాన్న ఛాతీ మీద అదే దరువు వెయ్యడం మొదలుపెట్టాయి. దగ్గరికొచ్చాక డప్పు కొట్టే అతను ఆగి, డప్పు పైకెత్తి, వాడి అరచెయ్యి చర్మం మీద ఆనించి వాయించాడు. జనం ఆగిపోయారు, ట్రాఫిక్ ఆగిపోయింది. ఇలాంటివి ప్రోత్సహించకండి.

చివరిగా, పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రులైనా చట్టం దృష్టిలో తమంతట తాము సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లాకో స్థానిక కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి. లక్ష రూపాయల దాకా వైద్యానికిచ్చే నిరామయ బీమా కూడా ఆ ట్రస్టుదే. వీటికోసం ఇప్పుడే కంగారుపడి సెలవు పెట్టకండి. పిల్లవాడి ఖాతాలోంచి డబ్బు తియ్యబోతే బ్యాంకువాడు "సంతకం ఎవరు పెడతారండీ?" అని అడుగుతాడు కదా, అప్పుడు నన్ను అడగండి. ఉంటే చెబుతాను.