మీ నవలకు మీరే ‘వద్దు’ చెప్పండి

పబ్లిషర్‌ని వదిలి సొంతంగా నవల వేసుకుంటానని చెప్పి చూడండి, సలహాలు వాటంతట అవే వస్తాయి. వెయ్యి కాపీలు వెయ్యి, పెద్దవాళ్ళ చేత నాలుగు మాటలు రాయించు, సభ పెట్టు, అందరికీ పంచు. నా సలహాలన్నీ వీటికి ఎదురు నడుస్తాయి. మీ స్నేహితులెవరూ వీటిని మెచ్చరు. అయినా పాటించండి.

సొంత ప్రచురణ మనకు కొత్త కాదు. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ఆయన సొంత పత్రిక వివేకవర్ధనిలోనే ధారావాహికగా వచ్చింది. నెలకో నవల అచ్చేసిన చతుర, వారం వారం సీరియళ్ళు వేసిన నవ్య పత్రికలు కరోనా రోజుల్లో ఆగిపోయాక, చాలామందికి ఆ దారే మిగిలింది. కానీ పబ్లిషర్‌ని వదిలేసినప్పుడు ఆయన పెట్టుబడి ఒక్కటే పోదు. ‘ఇది వెయ్యను’ అనగలిగిన మనిషి కూడా పోతాడు. ఆ మనిషి లేని లోటు మీరే తీర్చాలి.

1. పాత పబ్లిషర్‌తో తగాదా వద్దు

కొత్త నవల సంగతి తర్వాత. ముందు బీరువాలోని పాత ఒప్పందాలు తీయండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండాలి, కింద సంతకం ఉండాలి. గడువు రాయకపోతే అది ఐదేళ్ళే. హక్కులు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేనంతవరకు ఆ బదిలీ రద్దయినట్టే. ఇవి చూసుకుని, హక్కులు తిరిగిమ్మని మర్యాదగా ఉత్తరం రాయండి, జవాబు కాగితం మీదే తీసుకోండి. ఇంకా అమ్ముడవుతున్న నవలను మాత్రం అక్కడే ఉండనివ్వండి.

2. మీ అభిమానిని ఎడిటర్‌గా పెట్టుకోవద్దు

మీ గత నవల నచ్చలేదని మొహం మీద చెప్పినవాళ్ళెవరో గుర్తు చేసుకోండి. వాళ్ళలో చదువు, ఓపిక ఉన్న ఒకరికి డబ్బిచ్చి రాతప్రతి చదివించండి. కాగితానికి ఎంతవుతుందో అంత ఇవ్వండి. ప్రూఫులు వేరే మనిషికి ఇవ్వండి. ఇద్దరూ పని ముగించేదాకా ప్రెస్‌కి రూపాయి అడ్వాన్సు ఇవ్వకండి. అడ్వాన్సు ఇచ్చిన రచయిత దిద్దుబాటుకు ఒప్పుకోడు.

3. ఫారం నింపవద్దు, నవలను కొయ్యండి

పుస్తకం పదహారు పేజీల ఫారాల లెక్కన అచ్చవుతుంది. చివరి ఫారంలో ఆరు పేజీలే వచ్చాయనుకోండి. మిగతా పదీ ముందుమాట, అభినందన, రచయిత పరిచయంతో నింపమంటారు. మీరు ఆ ఆరు పేజీలనే తీసేయండి. ఏ నవలలోనైనా అన్ని పేజీలు అదనంగా ఉంటాయి. ముందుమాట అసలే వద్దు. మీ నవల ఎందుకు గొప్పదో పాఠకుడికి మరొకరు ముందే చెప్పాల్సి వస్తే, ఆ నవల ఇంకా తయారు కానట్టే.

నా కొలత పదమూడు ఫారాలు, 208 పేజీలు. డెమ్మీ సైజులో, 70 జీఎస్ఎం కాగితం మీద, ప్యాకింగుతో కలిపినా 300 గ్రాములు దాటదు. తపాలా శాఖ 2025 మేలో పుస్తకాల కోసం మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్‌లో ఆ బరువుకు 20 రూపాయలు, పన్ను అదనం.

4. మూడొందలకు మించి వద్దు

వెయ్యి వేస్తే కాపీ ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమే. కానీ అమ్ముడుపోని ఏడొందల కాపీల ఖర్చు ఆ లెక్కలోకి రాదు. డిజిటల్ ప్రింటింగులో మూడొందలు వేయండి, కాపీకి ఎక్కువ పడితే పడనివ్వండి. కంపోజింగ్ మాత్రం యూనికోడ్‌లోనే చేయించండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో చేసిన ఫైలు రేపు ఈబుక్‌కు కావాలంటే మార్పిడి చేసుకోవాలి, తప్పులన్నీ మళ్ళీ వెతుక్కోవాలి.

5. ప్యాకేజీలు వద్దు

ప్యాకేజీలో భాగంగా ఐఎస్‌బీఎన్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ళ దగ్గర ఆగకండి. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ దాన్ని ఉచితంగా ఇస్తుంది, రచయితలకూ ఇస్తుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు.

6. ఆవిష్కరణ సభ వద్దు

హాలుకు, శాలువాలకు, టీ బిస్కెట్లకు పెట్టే డబ్బుతో ఎడిటర్‌కు సగం బాకీ తీరుతుంది. వేదిక మీద కూర్చున్నవాళ్ళు పుస్తకం కొనరు, కింద కూర్చున్నవాళ్ళు వాళ్ళ కోసం వచ్చినవాళ్ళు. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు ఉన్నాయి. మరో ఇద్దరు రచయితలతో కలిసి స్టాలు తీసుకోండి. అన్ని రోజులూ మీరే నిలబడండి. మీ పుస్తకం తిరగేసి కింద పెట్టేసినవాళ్ళు ఏ పేజీ దగ్గర ఆగారో గమనించండి. ఏ సభలోనూ ఆ సమీక్ష దొరకదు.

7. ఉచిత కాపీలు వద్దు

బంధువులకు వద్దు, విమర్శకులకు వద్దు, అవార్డు కమిటీలకూ వద్దు. చట్టం అడిగినవాళ్ళకు మాత్రం ఇవ్వాలి. 1954 నాటి చట్టం ప్రకారం, ప్రచురించిన ముప్పై రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక కాపీ పంపాలి. చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కొక్కటి. ప్రచురణకర్త మీరే కాబట్టి బాధ్యతా మీదే. మీ తర్వాత కూడా ఆ నవల ఎక్కడో ఒకచోట బతికుండటానికి ఇంతకన్నా చవకైన మార్గం లేదు.

8. అన్ని దుకాణాలకూ పంపవద్దు

అమ్మేవాళ్ళు ధరలో నలభై శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించీ కమీషన్ తీసుకుంటారు. దుకాణం అద్దె, జీతాలు అందులోంచే రావాలి కాబట్టి వాళ్ళ తప్పేమీ లేదు. కానీ మూడొందల కాపీలు ఇరవై ఊళ్ళలో అప్పు మీద తిరిగితే లెక్క తేలదు. రెండు దుకాణాలు చాలు. ‘ప్రతులకు’ అన్నచోట మీ నంబరే వేయండి. కొన్న ప్రతి మనిషి పేరూ ఊరూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. రెండో నవలకు మీ పెట్టుబడి ఆ పుస్తకమే.

9. అమ్ముడుపోకుండా రెండోది వద్దు

ఇది అందరికీ కోపం తెప్పించే సలహా. మొదటి మూడొందలూ డబ్బిచ్చి కొన్నవాళ్ళ ఇళ్ళకు చేరేదాకా రెండో నవల వేయకండి. రాయడం ఆపమని అనడం లేదు, రోజూ రాయండి. అచ్చు మాత్రం ఆపండి. పబ్లిషర్ ఉన్న రోజుల్లో ‘పాతది కదిలాక చూద్దాం’ అనేవాడు, మీకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ మాట మీరే అనుకోండి, ఆ గడువులో రెండో నవలను ఇంకోసారి దిద్దుకోండి. చేతిలో డబ్బుంది కదా అని అచ్చేసిన పుస్తకంతో తెలుగు నవలకు ఒరిగేదేమీ లేదు. మూడొందల మంది అడిగి కొనుక్కున్న పుస్తకం మాత్రం, ఏ సంస్థ పేరూ లేకుండానే, దానంతట అది నిలబడుతుంది.