పులుపు పట్టే పని నాది

నేను జాడీని. పైన గోధుమరంగు, కింద మీగడ తెలుపు, లోపలా బయటా నున్నని పూత. బల్కంపేట ఎల్లమ్మ గుడి వెనక సందులో, అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటాం. ఏళ్లకేళ్లు ఆవకాయ మోశాను. పిల్లలు ఉద్యోగాలకు ఊళ్లు పట్టి పోయాక అంత పచ్చడి ఎవరికీ అక్కర్లేకపోయింది. అవ్వ నన్ను సలసల మరిగే నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టి, డాబా మీది కోళ్ల గూడు పక్కన నీడలో పెట్టింది. ఉప్పు రవ్వంత కూడా మిగలకూడదని అంత కడుగుడు. ఉప్పు ఎక్కువైతే కోడి మూత్రపిండాలు తట్టుకోలేవు.

గూట్లో ఉన్నవి గ్రామప్రియ కోళ్లు. పెరటి పెంపకం కోసం రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన రకం. 1988లో మొదలైన ఆ సంస్థే వనరాజా కోడినీ ఇచ్చింది. పల్లె పెరళ్ల కోసం పుట్టిన కోడి ఇక్కడ మెట్రో రైళ్ల చప్పుడు వింటూ గుడ్లు పెడుతోంది.

ఆ కోళ్ల మేతకు గింజలు పులియబెట్టడమే ఇప్పుడు నా పని. పులియబెట్టడం అవ్వకు కొత్త కాదు. తరవాణి కుండ, జొన్న అంబలి, బర్రెలకు పెట్టే కుడితి, అన్నీ ఆమె చేతుల మీదుగా నడిచినవే. అందుకే మక్కల నూక, జొన్నలు, తవుడు నాలో పోసేటప్పుడు ఆ చేతిలో తడబాటు కనిపించలేదు. నల్లా నీళ్లు మాత్రం నేరుగా పొయ్యదు. మంజీరా నీళ్లయినా కృష్ణా నీళ్లయినా క్లోరిన్ కలిసే వస్తాయి, అది పులిపించే సూక్ష్మజీవులకే ఎసరు పెడుతుంది. రాత్రంతా బకెట్‌లో తెరిచి ఉంచి పొద్దున పోస్తుంది. నీళ్లు గింజల మీద రెండు వేళ్ల ఎత్తున నిలవాలి. నా పనంతా ఆ రెండు వేళ్లలోనే ఉంది. నీళ్ల కింద గాలి అందదు కాబట్టి బూజుకు చోటు దొరకదు. గింజలను అంటుకునే వచ్చిన లాక్టిక్ బ్యాక్టీరియా అక్కడ హాయిగా పెరిగి, చక్కెరలు తిని ఆమ్లం వదులుతుంది. పైన పల్చటి గుడ్డ కడతారు, గాలిబుడగలు వాటి దారిన అవి పోతాయి. పూటకోసారి చెక్క గరిటెతో కలుపుతారు. మే నెలలో ఒక పగలూ రాత్రీ చాలు. సంక్రాంతి చలిలో మూడు రోజులు పడుతుంది. తీసిన ప్రతిసారీ అడుగున కాస్త పాత పులుపు ఉంచి, పాలకు తోడు వేసినట్టు కొత్త గింజలు దాని మీదే పోస్తారు.

పంజగుట్టలో ఒక ల్యాబ్‌లో పనిచేసే మనవరాలు ఒకరోజు పీహెచ్ కాగితాలు కొనుక్కొచ్చి నాలో ముంచింది.

"అవ్వా, నాలుగుకు దిగింది. సాల్మొనెల్లా లాంటి క్రిములకు ఇంత పులుపులో బతుకుడు కష్టం."

"ఇంకేం బిడ్డా, గిన్నెలు తే. ఆకలిమీదున్నయి."

గింజల్లోని భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్‌గా బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే ఎంజైమ్ కోడికి చాలినంత లేదు. పులిసేటప్పుడు ఆ ముడి కొంత నా దగ్గరే విడిపోతుంది. నాకు ఇష్టమైన పని అది. కానీ జొన్నల్లో లేని మాంసకృత్తులను నేను పుట్టించలేను. గుడ్లు పెట్టే కోడి మేతలో అవి 16 శాతం దాకా ఉండాలి, ఉత్త ధాన్యంలో 10 శాతమే. అందుకే సోయా చెక్క కలుపుతారు. ఒక్కో గుడ్డు పెంకుకు సుమారు 2 గ్రాముల కాల్షియం కావాలి. దానికి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంటుంది.

నాకు అసలు భయం బూజు విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. కారణం వెతికితే మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో అఫ్లటాక్సిన్ తేలింది. ఆ విషం అవ్వ ముక్కుకు అందదు, మనవరాలి కాగితానికీ దొరకదు. పులియబెడితే పోతుందని నమ్మడానికీ లేదు. గింజ నా దగ్గరికి రాకముందే చూసుకోవాలి. మొన్న ముసురు పట్టినప్పుడు సంచీ అడుగున మక్కలు గడ్డకట్టి, ఆకుపచ్చ నుసి రాలింది. పైన బాగున్నవైనా ఏరుకుందామంది మనవరాలు.

"పులుపంటే భయం లేదు బిడ్డా, బూజంటేనే భయం. బూజు వడ్డ సంచిల ఒక్క గింజ గూడ వద్దు, మొత్తం పారెయ్."

పారేశారు. ఆ వారం నాలో జొన్నలూ తవుడూ సోయా చెక్కే నానాయి. వేరుశనగ చెక్క వానలు పోయేదాకా కొనరు. తవుడు కూడా ముక్కిపోకముందే అయిపోయేలా, ఏ వారానికి సరిపడా ఆ వారమే తెస్తున్నారు.